అల్ హైల్ క్యాంపులో కాక గుమ్మడికాయ

మా కాక పోయాడు. పొద్దున క్యాంపు బస్సు సైట్‌కు చేరింది, అందరం దిగాం. కిటికీకి తల ఆనించి కూర్చున్న కాక మాత్రం దిగలేదు. నిద్ర తీరలేదేమో అనుకున్నాం. మాలో ఎవరికి మాత్రం తీరుతుంది. ఆయన ఈ గల్ఫ్ నుంచి జగిత్యాల వైపు వాళ్ల ఊరికి పెట్టెలో చేరిన వారంలోనే మా క్యాంపు ఇన్‌చార్జి కిచెన్ వెనకాల గొట్టాన్ని రంపంతో కోయించాడు. కాక పెంచిన గుమ్మడి తీగకు నీళ్లు వెళ్లేది ఆ గొట్టంలోంచే. అవి కంపెనీ నీళ్లు కూడా కావు, మేం బియ్యం కడిగి పారబోసే నీళ్లు. ఇది తప్పు. చేసింది ఆయన. పేరు రాయను, క్యాంపులో తెలియనివాళ్లు లేరు.

కాక మాకెవరికీ చుట్టం కాదు. షట్టరింగ్ మేస్త్రి, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని. చెక్క బిగించే ముందు వేలి మెటికతో కొట్టి చెవి పెట్టి వినడం ఆయన అలవాటు. ఏం వినిపిస్తుందని అడిగితే "నీ లెక్క ఒర్రదు, మెల్లగ చెప్తది" అనేవాడు. నేను కరపత్రాలు చదువుతానని, చదివింది రూమ్‌లో గట్టిగా చెబుతానని నన్ను లీడరూ అని పిలిచేవాడు. వెక్కిరింపే. కానీ ఆయన పిలిస్తే కోపం వచ్చేది కాదు.

గింజలు మా సైట్ ఇంజినీర్ సారు ఇచ్చారు. హైదరాబాద్ మనిషి, ఇదే ఊళ్లో దార్సైట్ వైపు ఫ్యామిలీతో ఉంటారు. ఎక్కడో చలిదేశంలో మనిషి కూర్చునేంత గుమ్మడికాయలు కాయిస్తారని కాకకు ఫోన్‌లో వీడియో చూపించారు. కాక దాన్ని మళ్లీ మళ్లీ చూసి నన్నడిగాడు. "గిది నిజమేనారా, కంప్యూటర్ల చేసిండ్రా?"

"నిజమే కాకా. కిచెన్ గోడ వెనక జాగా ఊరికే పడి ఉంది. మన చెమటతో కట్టిన క్యాంపు, మనకు జానెడు నేల లేదు. ఆక్రమిద్దాం."

"ఆక్రమించుడు లేదు, ఏం లేదు. గింజ పెడుదాం. మొలిస్తె ఉంటది, లేకుంటె లేదు."

ఊళ్లో ఆయన పండించింది వరి, పసుపు. ఈ రకం గుమ్మడి గురించి నాకెంత తెలుసో ఆయనకూ అంతే. ఎండ తగ్గకముందే పెట్టాం, సగం మొలకలు మాడిపోయాయి. గోనెపట్టా నీడ కట్టాక ఒక్క తీగ నిలబడింది. బతుకమ్మ నాటికి పూత పట్టింది.

అసలు పొరపాటు అప్పుడే జరిగింది. ఇంజినీర్ సారు వాళ్ల మేడమ్ కారులో వచ్చి, "అన్నా, ఇక్కడ గుమ్మడి పువ్వు దొరకట్లేదు. పోయినసారి ప్లాస్టిక్ పూలతో పేర్చినం, మనసు ఒప్పలేదు" అన్నారు. కాక ముఖం చూడాలి. "పువ్వు అడిగితె లేదంటమా బిడ్డా" అంటూ తీగలోకి దిగాడు. పువ్వు నడిమి బొడ్డెను గౌరమ్మగా పెడతారు కదా, అది నిండుగా ఉండాలని వెతికి వెతికి, వెనక చిన్న కాయలాంటిది ఉన్న పూలే తెంపి ఇచ్చాడు. సాయంత్రం దార్సైట్ నుంచి బతుకమ్మ ఫోటో వచ్చింది. రూమ్ రూమ్ తిరిగి చూపించాడు. "గీ పైన గౌరమ్మ మనదే."

ఆ తర్వాత పూలు పూస్తున్నాయి, రాలుతున్నాయి, కాయ మాత్రం లేదు. వీడియోలో మళ్లీ చూస్తే అర్థమైంది. "కాకా, వెనక పిందె ఉన్నవే ఆడపూలు. మనం అవన్నీ తెంపి ఇచ్చేశాం."

కాక వంగి ఒక్కో పువ్వు వెనక వెతికి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "కాయలన్ని గౌరమ్మ తిన్నది. తిననియ్, ఆమె కూడ మన లెక్కనే ఊరు ఇడిసి అచ్చింది గద. మల్ల పూస్తది తియ్."

పూసింది. ఈసారి బస్సు రాకముందే లేచి, మగపువ్వు రెక్కలు తుంచి ఆడపువ్వు లోపల అద్దాల్సి వచ్చింది. ఇక్కడ తేనెటీగను నమ్ముకోలేం. కాక పువ్వు నా చేతికిచ్చి అటు తిరిగాడు.

"నువ్వే చెయ్. నాకు సిగ్గయితున్నది."

"పువ్వుకు సిగ్గేంది కాకా?"

"పువ్వుకు కాదురా, నాకు."

పిందెలు నాలుగైదు నిలిచాయి. పెద్దకాయ కావాలంటే ఒక్కటే ఉంచి మిగిలినవి తుంచేయాలి. కాకకు చెయ్యి రాలేదు. రోజూ రేపు అనేవాడు. చివరికి ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వెళ్లి తానే తుంచాడు. వాటితోనే పప్పు వండి అందరికీ పెట్టాడు. తింటూ అన్నాడు, "ఒక్కడు బలవాలంటె మిగిలినోల్లు రాలాలె. మా ఇంట్ల నేను రాలిన. తమ్ముండ్లు మంచిగ బలిసిండ్రు." అందరం పళ్లెంలోకి తలలు దించుకుని అన్నం కలుపుతున్నాం. ఆయనే కదిలించాడు. "ఏందిరా, పప్పుల ఉప్పు తక్కువైందా?"

నిలబడ్డ కాయ చలికాలమంతా పెరిగింది. కింద ఇసుక పోశాడు. దాని మీద కూడా మెటికతో కొట్టి చెవి పెట్టేవాడు. బస్సులో ఏసీ పనిచేయడం లేదని ఇన్‌చార్జి మీద నేను అరిచి వచ్చిన రోజు, నన్ను ఆ కాయ పక్కన కూర్చోబెట్టాడు. "నీ కోపం తప్పు కాదు. కని పొద్దుగాల్నె అంత తీసి పారేస్తె మాపటికి ఏముంటదిరా?"

మాపటికి ఏమీ మిగలని రోజులే ఇప్పుడు నావి. నేను చదివిన కరపత్రాల్లో పోరాటం గురించి చాలా ఉంది. అలసట గురించి లేదు. బస్సులో కూర్చునే చనిపోయేంత అలసిపోయిన మనిషి గురించి అసలే లేదు.

కాక భార్యతో ఫోన్‌లో మాట్లాడాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. "ఇగ కాయ ముచ్చటనే చెప్పెటోడు బిడ్డా, ఫోన్ చేస్తె. నేను కసురుకుందు, ఇంటి సంగతి అడుగక గుమ్మడికాయ ముచ్చటేందని. గా గింజలు పంపుండ్రి. పచ్చిగ కోయకుండ్రి, గింజ తాలు పోతది. తొడిమ ఎండినంకనే."

ఆ మాట పట్టుకుని ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాను. శనివారం పొద్దున జేసీబీ వస్తుందట. అక్కడ కొత్త రూమ్‌ల కంటైనర్లు దింపుతారట. కొన్నాళ్లు ఆగమన్నాను. "ఆద్మీ చలా గయా, కద్దూ కా క్యా కరేగా?" అన్నాడు. మనిషే పోయాడు, గుమ్మడికాయతో ఏం చేస్తావని. ఆయనా పొద్దంతా ఎవరో ఒకరితో తిట్లు తినేవాడే. నాకు అరిచే ఓపిక లేకపోయింది. బయటికి వచ్చి తొడిమ చూశాను. తీగ వాడింది కానీ తొడిమ దానంతట అదే ఎండుముఖం పట్టింది. గోరు దిగడం లేదు. ఇక కోయొచ్చు.

కాబట్టి చదివే అన్నలారా, తమ్ములారా, దార్సైట్, వాడి కబీర్‌లలో ఉండే అమ్మలారా. జేసీబీ కన్నా ముందు మనం ఉండాలి. శుక్రవారం, అసర్ నమాజ్ అయ్యాక, సాయంత్రం నాలుగున్నరకు కిచెన్ వెనక్కి రండి. గొడవ పెట్టుకోవడానికి కాదు. కాయ కోసి గేటు బయట ఇంజినీర్ సారు తెచ్చే పికప్ బండిలోకి ఎక్కించాలి. గింజలు కడిగి ఆరబెట్టి, వచ్చే నెల సెలవు మీద జగిత్యాల వెళ్తున్న మా రూమ్ అన్నతో పంపుతాం. కండ తలా ఇంత పంచుకుందాం.

కాయను నలుగురం పట్టి చూశాం, కదల్లేదు. ఎనిమిది మంది కావాలి, పట్టా మీదికి దొర్లించి అంచులు భుజాలకెత్తుకోవాలి. కాక పెట్టెను కార్గోవాళ్లు చక్రాల బండి మీద తోసుకుపోయారు. ఆయన బరువు మాలో ఒక్కరికీ తెలియదు.

శుక్రవారం నాలుగున్నరకు. భుజం మీదికి ఒక తువ్వాల తెచ్చుకోండి.