రెండో ప్రతివాది

చర్చి ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధసాక్ష్యం పలకకూడదని నేర్పే నోరు నాది. అదే నోటితో ప్రొద్దుటూరు కోర్టులో ప్రమాణం చేసి మరీ అబద్ధం చెప్పాను.

మా తమ్ముడు తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడు. ఆ పిల్ల ఓర్చి ఓర్చి కోర్టుకెక్కి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది. వాడు ఆమె ఇంటి గడప తొక్కకూడదు, ఫోన్ చేయకూడదు. దాటితే జైలే. వాడొచ్చి పులివెందులలో నా ఇంట్లో చేరాడు. పై కోర్టుకు పోవడానికి ముప్పై రోజులు గడువుంటే, అదీ తాగుడులోనే గడిపేశాడు. ఇక ఒక్క దారే ఉందన్నాడు వకీలు. మనిషి మారాడని నమ్మిస్తే, ఇచ్చిన కోర్టే ఉత్తర్వు రద్దు చేస్తుందట.

"అక్కా, నువ్వు చెప్తే ఎవురైనా నమ్ముతారు. ఇంగ తాగనుక్కా, నీ మీదొట్టు" అని కాళ్లు పట్టుకున్నాడు. ముందురోజు వాడు కక్కుకున్న చొక్కా నేనే ఉతికాను. అది ఇంకా తీగ మీదే ఆరుతోంది. అయినా సరేనన్నాను. తమ్ముడు కదా! వాడు నా ఇంట్లోంచి కదిలితే చాలనీ ఉంది, దాచడమెందుకు.

బోనులో నిలబడి, ఆరునెలలుగా చుక్క ముట్టలేదని చెప్పాను. జడ్జిగారు ఆ పిల్లనడిగారు, "నీకేమైనా అభ్యంతరమా అమ్మా?" అని.

ఆమె నావైపు చూసింది. "భయంగానే ఉండాది సార్. అయినా మా వదిన అబద్ధం చెప్పదు. ఆయమ్మ చెప్తాందంటే నిజమే" అంది.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ఉత్తర్వు రద్దయింది.

మూడు వారాలకే వాడు ఆమె కుడిచెయ్యి విరగ్గొట్టాడు. జాకెట్లు కుట్టుకుని బతికే చెయ్యి అది. ఆసుపత్రికి పరుగెత్తాను. "ఎట్టా చెప్పబుద్ధయింది వదినా నీకు?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మళ్లీ కోర్టుకు పోయింది. కొత్త ఉత్తర్వు నా ఇంటికీ వచ్చింది. మొదటి ప్రతివాది మా తమ్ముడు, రెండో ప్రతివాది నేను. ఆమెను నేనూ కలవకూడదు, ఫోన్ చేయకూడదు, ఎవరితోనూ కబురంపకూడదు.

"నువ్వేమన్నా చెయ్యెత్తినావా ఏందమ్మా? గడువులోగా అప్పీలు ఏస్తే నీ పేరు తీసేయిస్తా" అన్నాడు వకీలు.

"వద్దప్పా" అన్నాను. ముప్పై రోజులూ గడవనిచ్చాను.

ప్రొద్దుటూరు పోయినప్పుడల్లా ఆమె వీధికి ముందు స్టాపులోనే బస్సు దిగేస్తాను. తప్పయిపోయింది, క్షమించమ్మా అని ఒక్కసారి అడగాలని ప్రాణం కొట్టుకుంటుంది. అడగాలంటే ఆ ఉత్తర్వు దాటాలి.