చెంగయ్య మామ శంఖుపూల తీగ

మొన్న ఆఫీసుకు బయలుదేరుతుంటే నా తెల్ల చొక్కా జేబు మీద నీలం మరక కనిపించింది. పెన్ను కారిందనుకుని పెన్నును తిట్టాను, అది కొనిచ్చిన బావమరిదిని కూడా తిట్టాను. తీరా చూస్తే జేబులో నలిగిన శంఖుపువ్వు. మా ఆఫీసులో దేవుడికి పెట్టమని మా అమ్మాయి వేసిందట. మా ఆఫీసును దేవుడు ఎప్పుడో వదిలేశాడని దానికింకా తెలియదు. వేలితో రుద్దితే మరక ఇంకాస్త పాకి, వేలు కూడా నీలమైంది. ఆ వేలిని చూస్తూ నిలబడ్డ నేను చిత్తూరులోనే ఉన్నాను గానీ, మనసు తిరుపతిలో చెంగయ్య మామ ఇంటి గేటు ముందుకు పోయింది.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఒక లాడ్జిలో గుమాస్తాగా చేరి, ఆయన ఇంటి ముందు గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయన బస్సు కండక్టరు. ఇంట్లో కూడా కండక్టరే. భోజనానికి పిలిచినా "జరగండప్పా, లోపలికి జరగండి" అనేవాడు, పిలిచింది నన్నొక్కణ్ణే అయినా. వాళ్లకు పిల్లల్లేరు. ఆయన భార్య మునిరత్నమ్మత్త గేటు మీది ఇనుప కమానుకు శంఖుపూల తీగ పాకించింది. తెల్లవారేసరికి కమానంతా నీలంగా ఉండేది, పొద్దెక్కేసరికి పచ్చగా మిగిలేది. వీధిలోని ఆడవాళ్లు బుట్టలతో వచ్చి పూజకని కోసుకుపోయేవాళ్లు. అడిగి కోసే అలవాటు మా వీధిలో లేదు. దేవుడి పువ్వుకు ఇంకొకరి అనుమతి అడిగితే దేవుడికి అవమానమని వాళ్ల నమ్మకం. ఇంటివాళ్ల అవమానం గురించి ఎవరికీ పట్టింపు లేదు, అత్తకు అసలే లేదు.

ఒక ఏడు అత్తకు కడుపులో గడ్డ ఉందని వేలూరు ఆసుపత్రిలో చేర్చారు. తోడుగా ఆమె చెల్లెలు వెళ్లింది. బస్సు ఎక్కబోతూ అత్త మామతో చెప్పింది ఒక్కటే మాట: "తీగ జాగర్త." మామ జాగ్రత్త అంటే కండక్టరు జాగ్రత్త. మర్నాడే గేటుకు తాళం పడింది. కమాను చుట్టూ ముళ్లకంప పడింది. "మామా, పువ్వుకింత అని టికెట్టు కొట్టేస్తే పోలేదా?" అన్నాను. "నోరు మూసుకోని ఆ కంప ఇట్లియ్యి" అన్నాడు. ఎదురింటి రుక్మిణమ్మ బుట్ట పట్టుకుని వచ్చి తాళం చూసి నిలబడిపోయింది.

"దేవుడికయ్యా, నాకు గాదు!" అన్నదామె.

"దేవుడికి కొండ మీద కావాల్సినన్ని పూలుండాయి. దిగొచ్చి మా గేటు కాడ కోసుకునే కర్మ ఆయనకి ల్యా!" అని మామ వీధంతా వినబడేటట్టు అరిచాడు.

కొన్నాళ్లు తీగ కన్ను చెదిరేలా పూసింది. మామ గేటు ముందు కుర్చీ వేసుకుని గవర్నరులా కూర్చునేవాడు. తరువాత పూలు తగ్గాయి. వాటి బదులు చిక్కుడుకాయల్లాంటి సన్నని కాయలు వేలాడసాగాయి. ఆయన పేడ వేశాడు, బియ్యం కడిగిన నీళ్లు పోశాడు, దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టాడు. "మామా, తీగ కంటే గుమ్మడికాయే కళగా ఉండాది" అన్నాను. ఆయన కసరలేదు. నాకు అలవాటైన కసురు రాకపోయేసరికి మొదటిసారి ఆయన ముఖం సరిగా చూశాను.

"ఆపరేషనయినా జొరం ఇడవలేదంటప్పా" అన్నాడు. "ఈ తీగ పూస్తా ఉంటే ఆమె వస్తాదని నేను మనసులో అనుకునేసినా. ఇదేమో ఇట్ల జేస్తా ఉండాది."

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు తయారుగా ఉంటుంది. ఆ పూట దాన్ని పక్కన పెట్టి, చెంబెడు నీళ్లు తెచ్చి తీగకు పోశాను.

ఆదివారం ఇద్దరం వేలూరు వెళ్లాం. మంచం మీద అత్త సగమైపోయి ఉంది. మొదటి మాటే "తీగెట్లుండాది?" అంది. "బెమ్మాండంగా ఉండాది" అన్నాడు మామ. నా నోరు ఊరుకోదు కదా, "అవునత్తా, కాయలు కూరొండుకునేంత ఉండాయి" అన్నాను.

"కాయలా? కాయలెందుకు పట్టినాయి? ఎవురూ కోసుకోల్యా?"

మామ కిటికీలోంచి వేలూరు అందం చూడసాగాడు. తాళం సంగతి, ముళ్లకంప సంగతి నేనే చెప్పాను. గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి అత్త కుట్ల మీద చెయ్యి అదిమిపెట్టుకుని నవ్వింది.

"అయ్యో, పిచ్చి మనిషీ! కోస్తా ఉంటేనే గదా అది పూసేది. కాయ పట్టినాక ఇంకేం పూస్తాది? నేనొకదాన్నే దాన్ని పెంచినాననుకుంటివా?"

మర్నాడు పొద్దున్నే మామ కంప తీశాడు, కాయలన్నీ తెంపాడు, గేటు బార్లా తీశాడు. డ్యూటీకి పోయే ఖాకీ చొక్కా వేసుకుని వీధిలోకి బయలుదేరాడు, ప్రతి ఇంటికీ చెప్పడానికి. నాకు జాలేసింది. "మామా, ఒక అట్ట మీద రాసి గేటుకు తగిలిద్దాం. తిరిగే పని తప్పుతాది" అన్నాను.

"అరిచింది నోటితో గదప్పా. చెప్పేది గూడా నోటితోనే చెప్పల్ల" అన్నాడు.

వేడుక చూద్దామని వెంట వెళ్లాను. రుక్మిణమ్మ గడప దాటకుండానే అడిగింది: "దేవుడికి కొండ మీదుండాయి గదా పూలు?"

"ఉండాయమ్మా. నేను నోరు పారేసుకున్నా, తప్పయిపోయింది. రేపట్నించి వచ్చి కోసుకోండి. మీరు కోయకుంటే మా తీగ పూయదు." అంతే. భార్యకు బాగాలేదని చెప్పుకోలేదు, మనసు బాగాలేక అరిచానని నసగలేదు. తప్పు టికెట్టు కొట్టినప్పుడు దాన్ని రద్దు చేసి ఇంకొకటి ఇచ్చేవాడిలా చెప్పి, పక్కింటికి నడిచాడు. నవ్వడానికి వెళ్లిన నాకు నవ్వడానికి ఏమీ దొరకలేదు.

కొద్దిరోజులకు తీగ మళ్లీ మొగ్గ తొడిగింది, బుట్టలూ వచ్చాయి. అత్తకు జ్వరం తగ్గిందని కబురొచ్చింది. ఆమె ఇంటికి వచ్చే రోజు వీధివాళ్లను ఆ ఒక్క పూటా కోయవద్దని చెబుదామని నేనన్నాను. మామ వద్దన్నాడు. ఆమె కారు దిగేసరికి కమాను మీద వెతికినా ఒక్క పువ్వు లేదు. మామ చెయ్యి పట్టుకుని నిలబడి, అత్త తల పైకెత్తి తెంపిన తొడిమలను ఒక్కొక్కటే చూసింది.

"అందురూ వచ్చినారే" అంది. మామ ముఖం పక్కకు తిప్పుకుని, "జరగండప్పా, లోపలికి జరగండి" అన్నాడు.

తరువాత నాకు ఉద్యోగం మారింది, చిత్తూరు వచ్చేశాను. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు కాబట్టి అప్పుడప్పుడు నేను కూడా పొరపాటున అరుస్తుంటాను. గదిలోకి పిలిపించుకుని మెల్లగా సర్ది చెప్పే పద్ధతి ఒకటుంది, పరువు తక్కువ కాదు. నేను మాత్రం లేచి ఆ మనిషి బల్ల దగ్గరికే పోతాను. అరుపు విన్నవాళ్లందరూ వినేటట్టు తప్పయిందని చెబుతాను. నడిచేటప్పుడు ఆ గండాన్ని తేలిక చేసే జోకు ఒకటి కచ్చితంగా నోటి దాకా వస్తుంది, మంచిదే వస్తుంది. చెప్పాల్సింది చెప్పేదాకా దాన్ని మింగి ఉంచుతాను.