‘సూసేవా, ఇన్నావా?’ అని అడిగిన దానియేలు మాస్టారు

దానియేలు మాస్టారు ఇక లేరన్న మాట కాశీబుగ్గ బస్టాండులో ఉండగా ఫోనులో నా చెవిన పడింది. చెప్పినవాడు నాతోపాటు టెక్కలి కాలేజీలో ఆయన దగ్గర చరిత్ర చదువుకున్నవాడే. “ఎవరు చెప్పార్రా?” అన్నాను. “అందరూ అంతన్నారు” అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. ‘అందరూ అంటున్నారు’ అన్నది సాక్ష్యం కాదని మాకు నూరిపోసినవారే ఆయన. దొరికిన బస్సెక్కి టెక్కలి వెళ్లాను. ఊరి చివర ఆయన ఇంటి వాకిట్లో గుట్టగా పడి ఉన్న చెప్పులు చూశాను. లోపల బల్ల మీద ఆయన్ని చూశాను. అప్పుడు నమ్మాను, నమ్మి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

ఆయన్ని ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. నౌపడ ఉప్పు మడుల్లో కూలి చేసుకునే బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదివి, టెక్కలిలో చరిత్ర అధ్యాపకులై అక్కడే పదవీ విరమణ చేశారు. నిశితమైన హేతుదృష్టి, నిష్కల్మషమైన హృదయం, ఎంత చదివినా వదలని నౌపడ యాస ఆయన ఆస్తిపాస్తులు. మా ప్రాంతపు చిన్న పత్రికలో నెలనెలా ఒక పేజీ రాసేవారు. మతం, రాజకీయం, పట్నం మేధావుల కొత్త మోజులు, ఏదీ ఆ పేజీ వాత పడకుండా తప్పించుకోలేదు. ఆ కలాన్ని చూసి భయపడినవాళ్లున్నారు గానీ ఆ మనిషిని ద్వేషించినవాణ్ణి నేను ఎరగను.

ప్రతి ఆదివారం భార్య రూతమ్మ గారిని స్కూటరు మీద చర్చి దగ్గర దింపి, తాను మాత్రం ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చునేవారు. “ఇక్కడికి పాట ఇనబడతాది, పెసంగం ఇనబడదు. ఇంతకంటే మంచి సీటు నేదురా” అనేవారు నాతో. రూతమ్మ గారికి ఈ పరిహాసం ఏనాడూ నవ్వు తెప్పించలేదు. ఆమెది అచంచలమైన విశ్వాసం. కాపురానికి వచ్చిననాటి నుంచి ఆమె ప్రార్థనలో కోరిక ఒక్కటే. తన భర్త ఒక్కసారి లోపలికి రావాలి, రేపు పైలోకంలోనూ ఆయన తన పక్కన ఉండాలి. “అక్కడా బయట టీ కొట్టు ఉంటాదేమో సూడు రూతూ, కూకుంటాను” అని ఆయన అంటే, ఆమె కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోవడం నేను చూశాను.

మా వైపు కాస్త పేరున్నవాడు పోతే సంతాపసభ తప్పదు. ఫ్లెక్సీ, దండ, మైకు సిద్ధం. బతికుండగా ఎలాంటివాడైనా ఆ మైకు ముందు దేవుడై కూర్చుంటాడు. మాస్టారు ప్రతి సభకూ వెళ్లి ముందు వరసలో కూర్చునేవారు. వక్త పొగడ్త ముగించగానే లేచి, ఎంతో మర్యాదగా, “బాబూ, ఇది సూసేవా, ఇన్నావా?” అని అడిగేవారు. ఒక పెద్ద రైతు పోయినప్పుడు పార్టీ కుర్రనాయకుడొకడు, తుఫాను రోజుల్లో ఆయన తన ధాన్యపు కొట్టు తలుపులు బార్లా తీసి పేదలకు పంచాడని గొంతు చించుకున్నాడు. మాస్టారు లేచారు. “విన్నాను మాస్టారూ” అన్నాడు వాడు. “ఎవుడి దగ్గిర ఇన్నావు?” “ఆయన దగ్గిరే.” పోయినాయన సొంత కొడుకే ముందుగా ఫక్కున నవ్వాడు. ఆ తరువాత మాస్టారు హాల్లో ఉంటే మైకు పట్టుకోవడానికి జనం జంకేవారు.

ఆ ప్రశ్న పరాయివాళ్లకే దాచిపెట్టుకుని ఉంటే ఆయన ఉత్త ఎత్తిపొడుపుల మనిషిగా మిగిలేవారు. తుఫాను గురించి క్లాసులో చెప్పేటప్పుడు, ఆ గాలివానలో తల్లిని వీపున వేసుకుని ఉప్పు మడుల నుంచి బడి దాకా మోసుకొచ్చిన వైనం వర్ణించేవారు. మాకు ఒళ్లు గగుర్పొడిచేది. ఒకనాడు వాళ్లింట్లో మేం టీ తాగుతుండగా అదే కథ మళ్లీ ఎత్తుకున్నారు. రూతమ్మ గారు గ్లాసులు తీస్తూ, “మోసింది మీరు కాదండీ, మా తమ్ముడు. మీరు రేడియో పట్టుకుని ముందర నడిసేరు” అన్నారు. ఆయన మొహం పాలిపోయింది. మర్నాడు క్లాసుకు వచ్చి బోర్డు వైపు తిరగకుండానే, “ఇన్నాళ్లూ మీకు అబద్దం సెప్పీసినాను. తెలిసి సెప్పనేదు. అమ్మ బరువు ఈ ఈపుకి ఇంకా తెలుస్తన్నాది. గానీ మొయ్యనేదట. జ్ఞాపకం ఎప్పుడూ మనవైపే సాక్షీకం సెప్తాదిరా, జాగర్త” అన్నారు. పాఠ్యపుస్తకాల చరిత్ర నాకు చాలా మట్టుకు మరుపున పడింది, ఆ ఉదయం మాత్రం మరవలేదు.

నా మీదా ఆ దెబ్బ పడింది. మాది ఉద్దానంలో కొబ్బరితోటలున్న కుటుంబం. మా తాత స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లాడని ఇంట్లో ఘనంగా చెప్పుకునేవాళ్లం. పరీక్షకు బదులు ఇంటి కథ ఒకటి రాసి తెమ్మని, ఇంట్లోవాళ్లు కానివాళ్లని కూడా అడిగి రాయాలని మాస్టారు షరతు పెట్టారు. ఊళ్లో ముసలివాళ్లని అడిగాను. మా తాత జైలుకెళ్లిన మాట నిజమే, గట్టు మీది కొబ్బరిచెట్ల తగాదాలో పొరుగువాడి తల పగలగొట్టి వెళ్లాడట. ఇంట్లో చెబితే మా నాన్న చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను ఏడుపు మొహంతో మాస్టారి దగ్గరికెళ్తే ఆయన భుజం తట్టి, “స్వాతంత్ర్యం కోసం ఎల్లినోడు ఎవుడి తాతైనా అవుతాడు. కొబ్బరిసెట్ల కోసం ఎల్లినోడు మీ తాతే. ఇప్పుడు దొరికినాడు నీకు, వొదులుకోకు” అన్నారు. ఉన్నవాళ్లని ఉన్నట్టుగా ప్రేమించడం నాకు ఆనాడు అలవడింది. ఆ ఋణం తీర్చుకునే మార్గం నాకు కనబడదు.

ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి పలాసలో ఒక సదస్సు జరిగింది. నీళ్లన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు, ఎండన్నారు. పట్నం నుంచి వచ్చిన ఒక మేధావి, నోరు తిరగని సిద్ధాంతాలతో మా బతుకుల్ని మాకే అర్థం కాకుండా చేశాడు. మాస్టారు లేచి, “బాబూ, ఇంతసేపు సెప్పేరు, ‘తెలీదు’ అన్న మాట ఒక్కపాలీ రానేదేటి?” అన్నారు. కొంతకాలానికి అదే జబ్బు మాస్టార్నీ పట్టుకుంది. డయాలసిస్‌కి పలాస వెళ్లి వస్తూ కూడా, దేని వల్ల వచ్చిందని అడిగినవాళ్లందరికీ “తెలీదు” అనే చెప్పారు. కోటబొమ్మాళి నుంచి చర్చికి వచ్చే ఒక ముసలామె ప్రార్థన చేయించిన నూనె సీసా తెచ్చింది. ఆయన కాదనకుండా చేతికి రాయించుకుని, “నూనెని నమ్మను గానీ అమ్మా, నా కోసం ఎండన పడి బస్సెక్కి వొచ్చినావు. అది నమ్ముతాను. కళ్లారా సూసేను గదా” అన్నారు.

ఖననం జరిగాక చర్చి పక్క హాల్లో ఆయన సంతాపసభ పెట్టారు. ఫ్లెక్సీ, దండ, మైకు అన్నీ వచ్చాయి. పాస్టరు గారు వయసులో చిన్నవారు, మంచివారు. “మాస్టారు చివరి గడియలో ప్రభువు నామాన్ని ఉచ్చరించి రక్షణ పొందారు” అన్నారు. హాలంతా హల్లెలూయా అంది. తరువాత ఉపాధ్యాయ సంఘం పెద్ద లేచి, “చివరి శ్వాస దాకా ఏ దేవుడి ముందూ తల వంచని ధీరుడు” అన్నాడు. వెనక వరసలు చప్పట్లు కొట్టాయి. అడగవలసిన మనిషి ఫోటోలో ఉన్నారు. నేను రూతమ్మ గారి వైపు చూశాను. పాస్టరు గారి మాటకు ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది. కాపురమంతా ఆమె ఎదురుచూసిన వాక్యం ఊరందరి ముందు దానంతటది వచ్చి ఒళ్లో పడింది. ఊరుకుంటే చాలు, అది ఆమెదైపోతుంది.

ఆమె లేచి నిలబడ్డారు. ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, “పాస్టరు గారూ, మీరది సూసేరా, ఇన్నారా?” అన్నారు.

ఆయన తలదించుకుని, “విన్నానమ్మా. సంఘంలో అనుకుంటున్నారు” అన్నారు. ఆమె ఉపాధ్యాయ సంఘం పెద్ద వైపు తిరిగారు. “మీరు బాబూ?” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

“నాను ఆయన మంచం కాడే ఉన్నాను” అన్నారు రూతమ్మ గారు. “పాడమన్నారు. పాడేను. కళ్లు మూసుకుని ఇన్నారు. అయిపోయేక, ఇంకోటి అన్నారు. ఆ రెండోది అయ్యేసరికి ఆయన నేరు. నమ్మి ఇన్నారో, నా గొంతు కోసమే ఇన్నారో... నమ్మేరని ఎవులైనా సెప్తే నాకంటే సంతోసించీవోలు ఉండరు. గానీ నాకు తెలీదు.”

కూర్చున్నాక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ తరువాత ఎవరూ మైకు ముందుకు రాలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం ఆ హాల్లో ఎంతమందిమో ఉన్నాం. ఆ పాఠం ఒప్పజెప్పింది మాత్రం ఏనాడూ ఆయన క్లాసులో కూర్చోని ఆవిడ.

మాస్టారూ, మీ స్థానం భర్తీ అయ్యేది కాదు. చేతిలో ఫోను పెట్టుకుని, పడ్డ ప్రతి మాటా నమ్మి మరొకరికి పంపే ఈ కాలంలో, ముందు వరసలోంచి లేచి అడిగేవారు మాకు ఎక్కడ దొరుకుతారు? మా ఊళ్లకి మీరు దక్కినందుకు, నాకు నా తాతని ఇచ్చినందుకు, మీ పాదాలకు ఈ శిష్యుడి నమస్సులు. ఇందులో చూసినవే రాశాను, విన్నవి ఎవరి నోట విన్నానో రాశాను. ఒకటి మిగిలింది. మొన్న ఆదివారం చర్చి ఎదుట టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. లోపల పాట ఎత్తుకున్నారు. అన్ని గొంతుల్లోనూ రూతమ్మ గారి గొంతు విడిగా, స్పష్టంగా రోడ్డు దాటి వచ్చింది. ఇంతకంటే మంచి సీటు లేదని మీరు అన్నది నిజమే మాస్టారూ. కూర్చుని చూశాను.