అడిగి వేసే సూది

మా మందుల షాపు సారు ఇక లేరని పోయిన వారం తెలిసింది. కువైత్‌లో మా వీధి బేకరీలో పనిచేసిన కడప ఆయన, తిరిగొచ్చాక మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మరీ చెప్పాడు. యుద్ధం ముగియకముందే పోయారట. షాపులో ఒకామెకు సూది వేసి, అలవాటు ప్రకారం ఆమె పక్కనే కూర్చున్నారట. అరగంటయ్యాక ఆమె లేచింది. సారు లేవలేదు.

అక్క లోపలికి వెళ్ళి, వచ్చినాయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తర్వాత పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఆయన గురించి నాలుగు మాటలు మీకు చెప్పాల్సింది కూడా నేనే.

మాది గోదావరి జిల్లా. అక్క కువైత్‌లోని సాల్మియాలో ఒకరింట్లో వంటపనికి వెళ్ళి, ఆ జీతంతో నన్ను ఇంటర్ దాకా చదివించింది. తర్వాత తన దగ్గరికి రప్పించుకుని, సారు షాపులో కౌంటరు పనికి పెట్టించింది. ఆ ఏడాదే అక్కకు చెవుల్లో ఎవరెవరో మాట్లాడటం మొదలైంది. "మామా నన్ను తిడతందే" అని ఏడ్చేది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆమె అప్పుడు తన గదిలో నిద్రపోతూ ఉండేది. ఆస్పత్రిలో నెలకోసారి వేసే సూది రాశారు. నూనెలో కలిపిన మందు అది. కండలో నిలిచి, రోజూ కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగుతుంది. దానితో మా అక్క మళ్ళీ మా అక్క అయింది.

ఇరాక్ సైన్యం వచ్చాక నర్సులు చెల్లాచెదురయ్యారు. సీసాలు షాపులో ఉన్నాయి, వేసేవాళ్ళు లేరు. ఫార్మసిస్టు మందు ఇవ్వాలి, సూది మాత్రం వేయకూడదని అక్కడి నియమం.

"ఇప్పుడవన్నీ ఎవరు చూస్తారు సార్?" అన్నాను.

"చూసేవోడు ల్యాకపోతే మందు గుణం మారుతుందా పాపా?" అన్నారు.

సైనికుల చెక్‌పోస్టులు దాటుకుంటూ ఆస్పత్రి డాక్టరు ఇంటికి నడిచి వెళ్ళారు. ఎవరికి ఎంత వేయాలో అడిగి రాయించుకుని, ఎలా వేయాలో ఆయన ఎదుటే నేర్చుకుని వచ్చారు. నెరిసిన తలతో కొత్త విద్యార్థిలా ఆ రోజంతా తనలో తానే ఆ పాఠం వల్లెవేసుకోవడం చూశాను.

సూది పట్టేముందు ఎన్నో అడిగేవారు. పోయినసారి ఏ పక్క వేశారు? మెడ బిగుసుకుందా? నాలుక మందంగా ఉందా? అన్నీ అయ్యాక, "వెయ్యమంటావా?" అనేవారు. వద్దంటే ట్రే పక్కన పెట్టి టీ ఇచ్చేవారు. ఒకసారి ఒక డ్రైవరు తన అన్నను లాక్కొచ్చి, "నేను అదిమి పట్టుకుంటా, మీరు పొడిచెయ్యండి" అన్నాడు.

"ఇదేమన్నా ఎద్దుకు వాత పెట్టేదా నాయనా?" అన్నారు సారు. వాళ్ళు వెళ్ళాక నాతో అన్నారు: "మతి చెదిరినా ఒళ్ళు వాళ్ళదే పాపా. అడిగే వెయ్యాల."

అక్కకు మొదటిసారి ఆయన సూది వేసినప్పుడు, అక్క దూది అదిమి గట్టిగా రుద్దబోయింది. సూది పడ్డచోట రుద్దకపోతే గడ్డ కడుతుందని మా వైపు నమ్మకం.

"రుద్దాకు, రుద్దాకు! నెలంతా తినే గింజలు ఒక్క పూటకే వండేస్తావా యేంది?"

"అలవాటండీ."

"మీ గోదారోళ్ళు సూదికి గూడా 'అండీ' అంటారే!"

అక్క ఫక్కున నవ్వింది. సైన్యం వచ్చాక తను నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ తర్వాత, మందు పడకపోతే వెంటనే తెలియాలని ఆయన అరగంటసేపు పక్కనే కూర్చుని, ఖాళీ డబ్బాల అట్టలు మడిచి మాత్రలకు చిన్న చిన్న పొట్లాలు చేసుకునేవారు.

కొన్నాళ్ళకు మనవాళ్ళను బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు తీసుకెళ్ళే బస్సుల్లో మాకు చోటు దొరికింది. అక్క తర్వాతి సూది సరిగ్గా దారిలోనే పడుతుంది. మందు తప్పి, తుపాకీ పట్టుకున్నవాడి మీదికి అక్క అరుచుకుంటూ పోతే?

"రెండు నెలలదీ ఇప్పుడే వేసేయండి సార్" అని బతిమాలాను.

"మాత్రయితే రేపు మానుకోవచ్చు. ఇది ఒంట్లోకి పోయినాక మళ్ళా తీయలేం. మనిషి కొయ్యబారిపోతే ఆ దారిలో యెవురు చూస్తారు? నాలుగు దినాలు ఆలిస్యమైనా సరే, నువ్వే వెయ్యి."

నాకోసం మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఒప్పించి వచ్చారు. కుర్చీ దిండు మీద నా చేత మళ్ళీ మళ్ళీ గుచ్చించారు.

"మీరూ వచ్చేయండి సార్" అన్నాను చివరికి.

"నేనొస్తే, వచ్చే నెల తలుపు కొట్టేవోళ్ళకు షాపు ఖలాస్ అని యెవురు చెప్తారు?" అన్నారు. సీసానూ సూదులనూ తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చారు. "పని చేసిందో లేదో ఒక ముక్క రాయి పాపా."

జోర్డాన్ ఎడారి గుడారాల్లోకి చేరేసరికి అక్కకు మాటలు మళ్ళీ వినిపిస్తున్నాయి. సీసా చూడగానే, "విషం! నువ్వూ ఆళ్ళ మనిషివేనా?" అంది. "మేం పట్టుకుంటాం, వేసేయమ్మా" అన్నారు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు. నేను వాళ్ళను ఆపి, "వేయమంటావా అక్కా?" అన్నాను. వద్దంది. సాయంత్రం అడిగాను. వద్దంది. మర్నాడు మళ్ళీ అడిగితే, నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నిన్ను సదివిచ్చింది ఇందుకేనేటే?"

"అవునక్కా."

తానే పక్కకు ఒత్తిగిలి పడుకుంది.

ఇల్లు చేరగానే సారుకు ఉత్తరం రాశాను. అక్కడికి తపాలా పోవటం లేదని వెనక్కి ఇచ్చేశారు. దారులు తెరిచాక పంపుదామని దాచుకున్నాను. ఇప్పుడు దారులు తెరిచే ఉన్నాయి. ఆ సూది పని చేసిందో లేదో ఆయనకు తెలియకుండానే పోయింది.

పని చేసింది సార్. విమానం కోసం ఎదురుచూస్తున్న ఒక పొద్దున, అక్క నన్ను గుడారం ముందు కూర్చోబెట్టుకుంది. దువ్వెన లేదు. నా చిక్కుజుట్టును వేళ్ళతోనే ఒక్కో పాయా విడదీస్తూ, "కదలకే" అని నెత్తిన ఓ మొట్టికాయ వేసింది. జుట్టులోంచి ఇసుక సన్నగా నా ఒడిలోకి రాలుతూ ఉంది.