క్లారినెట్‌లో తక్కువైన అక్షరం

కరోనా సద్దుమణిగి బ్యాండుసెట్లు మళ్లీ పెళ్లిళ్లకు కదిలిన రోజులు, 2022. ఆదోనిలో నాది సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కే కొట్టు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఏ అక్షరమైనా చెక్కుతాను. ఇంగ్లీషు చదవమని మాత్రం అడగకండి, ఆ అక్షరాలతో నాకు ముఖపరిచయమే గాని మాటామంతీ లేదు.

మా పనిలో ప్రూఫ్ అని ఒకటుంది. రాయి మీద ఉలి పడకముందే అక్షరాలన్నీ కాగితం మీద గీసి, పోయినవాళ్ల మనుషుల చేత పైకి చదివిస్తాం. రాయిమీద తప్పు పడితే తుడిచేది లేదు, రాయే మార్చాలి. అందుకే ఎదుటివాళ్లు ఏడుస్తున్నా సరే చదివించి తీరుతాను. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణని బజార్లో పేరు.

ఆ ఏడాది వానలప్పుడు ఏసురత్నం వచ్చాడు. పెద్దకడుబూరు దగ్గర పల్లె. మామూలు రోజుల్లో పత్తి కూలి, పెళ్లిళ్ల కాలంలో బ్యాండుసెట్లో క్లారినెట్. కూతురు సువర్ణ ఆదోనిలో హాస్టల్లో ఉండి డిగ్రీలో కెమిస్ట్రీ చదివేది. డెంగీ జ్వరం వచ్చి వారం తిరక్కుండానే పోయింది. నల్లరాయి కావాలన్నాడు. పైన పేరు, కింద వరసగా ఐదు గళ్లు. గళ్లలో ఏం రాయాలో కూతురి స్నేహితురాలి చేత కాగితం మీద రాయించుకొచ్చాడు. నాలుగు గళ్లలో Cl, Ar, I, Ne అని ఉంది. ఐదోది ఖాళీ.

రాసిన పిల్ల ఏదో మరిచిపోయింది అనుకున్నాను. పైగా రాళ్ల మీద ఇంగ్లీషు అంతా పెద్దక్షరాలే పెట్టడం మా అలవాటు. అదే చెబితే తల అడ్డంగా ఊపాడు.

“రెండో అక్షరం సిన్నదే ఉండాల బాషన్నా. పెద్దది పెడితే పాప ఒప్పుకోదు.”

ఒప్పుకోదు అన్నాడు, ఒప్పుకునేది కాదు అనలేదు. నేను ఇక వాదించలేదు. ప్రూఫ్ గీసి, చదవమని ముందు పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఒక్కో గడి మీద వేలు పెట్టి “క్లోరిను, ఆర్గాను, అయోడిను, నియాను” అని పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. ఐదో గడి దగ్గర వేలు ఆగిపోయింది. ఈడేముందో కూడా చెప్పప్పా అని తొందరపెట్టాను.

అప్పుడు చెప్పుకొచ్చాడు. ఆ చదువులో ఒక్కో మూలకానికి ఒకటి రెండు అక్షరాల పొట్టిపేరు ఉంటుందట. ఆ పొట్టిపేర్లు కలిపి వాయిద్యాల పేర్లు ఇంగ్లీషులో రాయడం సువర్ణకు ఆట. ఫ్లూటు వచ్చింది, తబలా వచ్చింది, షెహనాయి కూడా చక్కగా వచ్చింది. నాయన క్లారినెట్ మాత్రం చివరిదాకా వచ్చి ‘టి’ దగ్గర ఆగిపోయింది. ఒట్టి టి పేరుతో మూలకమే లేదు. అందరిదీ సరిపాయ, నీదానికే ఒకక్షరం తక్కువాయ నాయనా అని ఏడిపించేదట. నేనే ఎట్లనో కనుక్కుంటాలే అనేదట. శనివారం ఇంటికి రాగానే ఈయన “దొరికినాదా?” అని అడగడం, ఆమె “ఇంకా లేదు” అనడం. తండ్రీకూతుళ్లకు అదొక ముచ్చట.

సమాధిరాయి మీద చోటు ఖాళీగా వదిలితే అది భర్తకో భార్యకో ఉంచారని చూసినవాళ్లు అనుకుంటారు. పెళ్లికాని పిల్ల రాయి మీద అట్లా ఉంటే బాగుండదని చెప్పాను.

“ఎవురికోసమూ కాదన్నా. పాప కనుక్కుంటానన్నాది, అంతే.”

మా దగ్గర ఇసుకను గాలితో కొట్టి అక్షరాలు దించే మిషను ఉంది. ఆ రాయి మాత్రం చేత్తోనే చెక్కాను. ఐదో గడికి నాలుగు గీతలు తీసి, లోపల నునుపు చేసి వదిలేశాను. చెక్కుతున్నంతసేపూ నాకు సువర్ణ ఈడుదే అయిన మా అమ్మాయే గుర్తొచ్చింది.

కొన్ని నెలలకు సువర్ణకు పాఠం చెప్పిన మేడం కొట్టుకు వచ్చింది. సమాధి చూసి వచ్చిందట. టి అనేది ఉంది, వేరే మూలకం కాదు గాని హైడ్రోజన్‌లోనే బరువైన రకం, ట్రిటియం అంటారు, దాన్ని టి అనే రాస్తారు, ఆ గడి నింపేయండి అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సగంలో ఆగిన పని నన్ను నిద్రపోనివ్వదు. ఏసురత్నానికి ఫోన్ చేస్తే, మేడం ఉండగానే బస్సెక్కి వచ్చాడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

“ఇది మా పాపకు తెలుసునా మేడం?”

మేడం సువర్ణకు మొదటి ఏడాదే చెప్పానని ఒప్పుకుంది. “‘మా నాయనకు చెప్పొద్దు మేడం. తెలిసిపోతే శనివారం నన్ను అడిగేదానికి ఆయనకేముంటాది’ అన్నది. ఇప్పుడు దాచి ఏం లాభమని వచ్చినాను.”

ఏసురత్నం అక్కడే చెక్కని రాయి మీద కూలబడి ఏడ్చాడు. మేడం కూడా ఏడ్చింది. నా సంగతి చెప్పక్కర్లేదు. చాలాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు.

“ఉలి తీయొద్దు బాషన్నా. ఖాళీగానే ఉండనీ. శనివారం శనివారం పాప రాయికాడికి పోతాండాను. అడగాల గదా.”

ఇన్నేళ్లూ అక్షరం పడితేనే పని పూర్తయిందని అనుకునేవాణ్ణి. ఆ రాయి తర్వాత అట్లా అనుకోవడం మానేశాను. ఇప్పటికీ ప్రూఫ్ చదివిస్తాను, అందులో మొండితనం తగ్గలేదు. చదివేవాళ్ల వేలు ఎక్కడైనా ఆగిపోతే మాత్రం తొందరపెట్టను.