టార్చి ఊపితే ఆగిన విండో

నేను నేర్చుకున్న అక్షరాల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన కాదు. యాభై దాటాక దిద్దిన అక్షరాలు. వాటి మీద దొంగ ఒట్టు వేయను.

మాది బిలాస్‌పూర్, లాల్‌ఖదాన్. రైలు పట్టాలకు దగ్గరలో సొంత ఇల్లు. మా ఆయన రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసి రిటైరయ్యారు. కంప్యూటర్ కొన్నది ఆయనే. తెర మీద ఎడమ సగం ఆయన హిందీ వార్తలు, కుడి సగం నా తెలుగు రాత.

“రెండు బళ్లు ఒక లైన్లో పెట్టకూడదే. ఇది నా లైను, ఇటు రాకు,” అనేవారు.

ఆయన పోయాక నా విండోను తెరంతా పరిచేసుకున్నాను.

కొడుకూ, కోడలు సుజాతా రాయ్‌పూర్‌లో ఉంటారు. సుజాత ఫోన్ చేస్తే ఒకటే మాట.

“ఒక్కదానివీ అక్కడేటి చేస్తావత్తా? మతిమరుపు కూడా మొదలైంది నీకు.”

“నాకేటి మతిమరుపు? మొన్న వచ్చినప్పుడు పప్పులో ఉప్పు మర్చిపోయేవు. అదీ గుర్తుంది నాకు.”

“అచ్ఛా! ఇంకొక్క తేడా కనిపిస్తే నేనే వచ్చి తీసుకొచ్చేస్తాను, చూడు.”

అంటే... నా నోటి నుంచి ఒక్క పిచ్చి మాట వస్తే చాలు. ఈ ఇంటికి తాళం పడుతుంది.

ఆ రాత్రి వాన. తిని, రాసుకోవడానికి కూర్చున్నాను. మౌస్ మీద చేయి లేదు. కళ్లజోడు తుడుచుకుంటున్నాను... అప్పుడు కదిలింది. విండో ఎడమ అంచు.

మెల్లగా... చాలా మెల్లగా... గూడ్సు బండి స్టేషన్ వదిలినట్టు. నా రాత కుడివైపుకు నొక్కుకుపోతోంది. పొడుగు వాక్యాలు విరిగి కింది వరుసలోకి పడుతున్నాయి. ఎడమవైపు నల్లటి ఖాళీ... పెరుగుతోంది.

కంప్యూటర్ లోపలి ఫ్యాను గర్‌ర్‌మంటోంది. అంతే. వాన తప్ప ఇంకే చప్పుడూ లేదు.

వేరే ఎవరైనా అయితే స్విచ్ ఆపేసేవారు. నేను కేబిన్ మనిషి భార్యని. నా చేయి దానంతటదే ఫోన్ అందుకుంది. టార్చి వేసి తెర ముందు అడ్డంగా ఊపాను... గబగబా... బండిని ఆపడానికి ఊపినట్టు.

ఆగింది.

దించాను... కదిలింది.

ఊపాను.

ఆగింది.

మళ్లీ దించే ధైర్యం లేక తీగ పీకేశాను.

అప్పుడు భయం కన్నా అనుమానం ఎక్కువైంది. పాడైతే రాయ్‌పూర్ నుంచే సరిచేస్తానని సుజాత ఏదో ప్రోగ్రామ్ పెట్టింది దీంట్లో. తెర పైన కెమెరా ఉంది. సుజాత తండ్రి రైల్వే గార్డు. టార్చి ఎలా ఊపితే బండి ఆగాలో దానికీ తెలుసు. నన్ను బెదరగొట్టి ఇక్కడి నుంచి కదిలించాలనా?

కానీ నెట్ డబ్బా స్విచ్ భోజనానికి ముందే ఆపాను... ఆపినట్టే గుర్తు. లేచి చూస్తే ఆపే ఉంది. నెట్ లేకుండా అక్కడి నుంచి ఎలా కదిలిస్తుంది?

తెల్లారకుండానే ఫోన్ మోగింది. సుజాత. ఆదివారం తప్ప చేయదు. ఆ రోజు ఆదివారం కాదు.

“అత్తా... రాత్రి ఏటైనా అయిందా?”

“ఏటవుద్ది? ఎందుకలా అడిగేవు?”



“ఏం లేదులే. నాకే నిద్ర పట్టలేదు.”

నువ్వేనా... అని నాలుక చివరిదాకా వచ్చింది. అవునంటే దాని మొహం ఎలా చూడను? కాదంటే ఏటైందని అడుగుతుంది. చెబితే మధ్యాహ్నం బండికే వచ్చి నా సామాను సర్దేస్తుంది.

“వాన కదే. హాయిగా పడుకున్నాను,” అన్నాను.

ఇప్పటికీ అడగలేదు నేను. అదీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.