డాబా మీద నుంచి వినిపించిన కొలత

చూసినవీ విన్నవీ ముందుగా వేరు చేసుకుంటాను. మా పడకగదిలో తొమ్మిది వేసవులు పనిచేసిన ఏసీ ఒక మే నెల మధ్యాహ్నం చల్లదనం ఇవ్వడం మానేసింది. ఇది నేను చూశాను. డాబా మీది బయటి యూనిట్ కొద్దిసేపు మూలిగి ఆగిపోవడం, కాసేపటికి మళ్లీ మూలగడం నా చెవులతో నేనే విన్నాను కాబట్టి దాన్ని కూడా చూసినదాని పక్కనే పెడతాను. దాని కంప్రెసర్ పూర్తిగా పాడైపోయిందన్నది మాత్రం డాబా మీద నుంచి ఒకరు చెప్పగా విన్నది. ఆ రోజు తేదీ కింద నా నోటుపుస్తకంలో ‘వైండింగ్ ఓపెన్’ అని ఉంది. అంటే కంప్రెసర్ లోపలి తీగ తెగిపోయిందని. చేతిరాత నాదే. అయితే చేతిరాత నాదైనంత మాత్రాన కొలత నాది కాదు. ఇరవై ఆరేళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పిన నేను ఈ తేడాను ఎందరికో నేర్పాను.

డాబా మీద నుంచి చెప్పిన మనిషి మా కాలేజీ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసినాయన. నాకన్నా మూడేళ్లు పెద్ద, అందుకే అన్నా అని పిలిచేవాణ్ణి. జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టిన మనిషి. తెగిన నూలుపోగును చూడకుండానే అతకగల వేళ్లు ఆయనవి. వెంట్రుకంత సన్నటి గాల్వనామీటర్ తీగను ఆ వేళ్లతోనే సరిచేసేవాడు. మా ప్రయోగశాలలో ఒక నియమం ఉండేది. ఏ రీడింగైనా ఇద్దరం విడివిడిగా చూడాలి, పైకి అనకముందే కాగితం మీద రాసుకోవాలి, ఆ తర్వాతే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. ఒకరు అంకెను పైకి చెప్పేస్తే రెండోవారి కన్ను ఆ అంకెనే వెతుక్కుంటుంది. ఈ నియమం నేను పెట్టింది కాదు, నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఆయనే చెప్పాడు.

“సారూ, ముందుగాల రాసుకోన్రి. నోట్లకెళ్లి బయటికొచ్చినంక అది కొలత గాదు, ముచ్చట.”

ఉద్యోగం నుంచి ఇద్దరం దిగిపోయాక ఆయన ఏసీలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. నిజానికి అంతకుముందు నుంచే మా ఇంటి ఏసీ ఆయన చేతి మీదే నడిచేది. పడమటి గోడకు మధ్యాహ్నమంతా ఎండ తగులుతుంది కాబట్టి టన్ను సరిపోదని, టన్నున్నర కావాలని ఇద్దరం వేరువేరుగా లెక్కలు కట్టి, కాగితాలు కలిపి చూసుకున్నాం. కిటికీ సందుల్లో రబ్బరు పట్టీలు అతికించాం. ఇరవై ఆరు డిగ్రీల దగ్గర పెట్టి పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఇరవై రెండుకు పెట్టినంత హాయిగానే ఉంటుందని మా ఆవిడకు చెప్పకుండా ఒక వారం పరీక్షించాం. ఆమె కనిపెట్టలేదు. ఏటా ఏప్రిల్‌లో జాలీలు కడిగాక, యంత్రంలోకి పోయే గాలి వేడినీ బయటికి వచ్చే గాలి వేడినీ థర్మామీటర్‌తో చూసి, ఆ తేడాను లోపలి యూనిట్ కుడిపక్క పెన్సిల్‌తో రాసేవాళ్లం. ఒక ఏడాది నేను, ఒక ఏడాది ఆయన. తొమ్మిది ఏప్రిళ్లకు తొమ్మిది అంకెలు. ఆ పక్క బీరువా వైపు ఉండేది కాబట్టి ఇంకెవరికీ కనిపించేది కాదు.

ఆ మే మధ్యాహ్నం ఆయన మీటర్ తీసుకుని డాబా ఎక్కాడు. మోకాలి నొప్పితో నేను ఎక్కలేకపోయాను. మెట్ల కింద నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

“సారూ, ఉన్నరా కింద?”

“ఉన్నా అన్నా, చెప్పు.”

“వైండింగ్ ఓపెన్. ఖతం. ఇగ దీన్ల పానం లేదు.”

రాసుకున్నాను. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఆమె సైన్సు చదవలేదు.

“ఒక్కనాడు ఆగుదామండి. పొద్దటి సంది ఎండల కాలుతున్నదాయె గా డబ్బ. సల్లవడ్డంక రేపు మల్లొకపారి చూస్తే ఏం పోతది?”

డాబా మీద నుంచి ఆయన నవ్వాడు. “చెల్లే, సచ్చినోణ్ణి రేపు చూసినా గట్లనే ఉంటడు.”

ఆమె నా వైపు తిరిగింది. “మీ అన్న చెప్పిండంటే ఇంకొకల మాట మీ చెవిల పడది. కూరగాయలామె తరాజు అయితే రెండుసార్లు చూస్తరు!”

కొత్తది బిగించేటప్పుడు చోటు ఖాళీగా ఉంటే సులువని ఆ సాయంత్రమే ఆయన పాత యంత్రాన్ని రెండు భాగాలుగా ఊడదీసి ఆటోలో తీసుకుపోయాడు. లోపలి రాగి గొట్టాలు పాత సామాను కొట్టులో పనికొస్తాయన్నాడు. సరేనన్నాను.

కొత్త యంత్రం విషయంలో మాత్రం నేను ఒక్క మాటా పరీక్షించకుండా వదల్లేదు. దుకాణంలో అమ్మేవాడు “ఇన్వర్టర్ ఏసీ సార్, కరెంటు సగానికి సగం ఆదా” అన్నాడు. దేనితో పోలిస్తే అని అడిగాను. “అన్నింటితోని సార్” అన్నాడు. అయిదు నక్షత్రాల లేబుల్ చూపిస్తే అది ఏ సంవత్సరపు లేబులో చూశాను. కొలమానం కొన్నేళ్లకొకసారి కఠినమవుతుంది కాబట్టి పాత అయిదు నక్షత్రాలూ కొత్త అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. గది కొలతలు, స్లాబు ఎండ, పడమటి గోడ అన్నీ మళ్లీ లెక్కవేశాను. ఆ వేసవిలోనే డాబాకు తెల్ల సున్నం కూడా వేయించాను. ఆ తర్వాత కరెంటు వాడకం తగ్గింది కానీ, తగ్గించింది కొత్త యంత్రమా, సున్నమా అన్నది చెప్పలేను. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడికి ఆ హక్కు లేదు. ఇంత జాగ్రత్తపడ్డ నేనే, అసలు కొత్తది అవసరమా అన్న ప్రశ్నకు జవాబును డాబా మీది గొంతు నుంచి తీసుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. రెండు ఏప్రిళ్లలోనూ ఆయన వచ్చి కొత్త యంత్రాన్ని శుభ్రం చేశాడు, మునుపటిలాగే ఇద్దరం తేడా చూసి దాని పక్కన రాశాం, మా ఆవిడ పెట్టిన చాయ్ తాగాడు. “పాతదాని లెక్క లొల్లి చేస్తలేదు గద సారూ?” అని ఒకసారి అడిగాడు కూడా.

ఈ చలికాలం వెళ్లిపోయాక మడికొండలో ఆయన కూతురి ఇంట్లో మనవరాలిని తొట్టెలో వేసే వేడుకకు పిలిచాడు. మా ఆవిడకు జ్వరంగా ఉంటే నేనొక్కణ్ణే వెళ్లాను. అప్పటికే ఎండ ముదిరింది. పసిబిడ్డను చూడమని లోపలి గదిలోకి తీసుకెళ్లారు. తలుపు తీయగానే చల్లటి గాలి ముఖానికి తగిలింది. తలుపుకు ఎదురుగా ఏసీ కుడిపక్క కనిపించింది. దాని మీద పెన్సిల్ అంకెలు ఒకదాని కింద ఒకటి తొమ్మిది ఉన్నాయి. నేను ఏడు అంకె మధ్యలో అడ్డగీత పెడతాను. ఆ గీత అక్కడ ఉంది. బిడ్డ నిద్రపోతోంది కాబట్టి ఏమీ అనకుండా బయటికి వచ్చాను.

భోజనాల దగ్గర ఆయనే వడ్డిస్తున్నాడు. నా పళ్లెంలో బగారన్నం పెట్టి ఆగాడు.

“గది చల్లగా ఉందన్నా” అన్నాను.

“పసిగుడ్డు గద సారూ, ఎండకు తట్టుకోది.”

“ఆ మిషన్ పక్కన అంకెలు ఎవరివి?”

ఆయన చేతిలోని గరిటె కదల్లేదు. “మీయే సారూ. మన ఇద్దరియి.”

“పానం లేదన్నవు గదా.”

“గప్పుడు గట్లనే అనుకున్న. ఇంటికి తీస్కపోయినంక రెండు దినాలకు మీటర్ పెడితె మంచిగ పలికింది. కెపాసిటర్ పోయింది, గంతే. మార్చిన.”

“నాకు చెప్పలేదు.”

“అప్పటికే మీ ఇంట్ల కొత్తది బిగిస్తిమి. ఇంక ఏమని చెప్పాలె?”

“బతికిందని.”

ఆయన తల దించుకున్నాడు. పక్క వరుసలో ఎవరో పప్పు అడిగారు. ఆయన కదల్లేదు.

“ఆ దినం డాబా మీద మీటర్ నిజంగ ఏం చూపించింది?”

“ఓపెనే చూపించింది. నా మనుమరాలి మీద ఒట్టు సారూ.”

“ఒట్టు కొలత కాదన్నా.”

అప్పుడాయన నా ముఖంలోకి చూశాడు. “నా మాట గూడ మీకు ముచ్చటేనా సారూ?”

తినగలిగినంత తిని వచ్చేశాను. ఇంటికి రాగానే నోటుపుస్తకం తెరిచాను. కొత్త యంత్రాన్ని బిగించింది, ఆయన పాతదాన్ని తీసుకుపోయిన ఆరో రోజున. రెండు రోజులకే పలికిందన్న ఆయన మాట నిజమైతే, నాలుగు రోజులు తెలిసి ఊరుకున్నాడు, తన చేతులతోనే కొత్తదాన్ని మా గోడకు బిగించాడు, రెండేళ్లు చాయ్ తాగాడు. ఇంతవరకు నిశ్చయం. ఇందులో నా ఊహ ఏమీ లేదు, ఆయన మాటా నా పుస్తకమూ కలిపితే వచ్చిందే.

మా ఆవిడకు చెప్పాను. నన్ను దెప్పుతుందనుకున్నాను. “ఎన్నో ఏండ్ల దోస్తానా” అని మాత్రం అని, నుదుటి మీది తడిగుడ్డను తిప్పి వేసుకుంది.

తేలని ప్రశ్న ఒకటి మిగిలింది: ఆ మధ్యాహ్నం మీటర్ ఏం చూపించింది? ఆయన చెప్పింది అబద్ధమని తేల్చలేను. మోటారుకు ఊతమిచ్చే చిన్న, చవకైన భాగం కెపాసిటర్. అది పాడైతే కంప్రెసర్ తిరగలేక మూలిగి వేడెక్కుతుంది. బాగా వేడెక్కితే దాని లోపలి రక్షణ మీట తీగను విడదీస్తుంది. చల్లబడేదాకా మీటర్‌కు తీగ తెగినట్టే కనిపిస్తుంది. ఆ మీటలో ఉండేలాంటి రెండు లోహాల పట్టీ వేడికి వంగడాన్ని ఏటా స్పిరిట్ దీపం మీద పిల్లలకు చూపించింది మేమిద్దరమే. మరుసటి రోజు మళ్లీ చూడాలన్న మా ఆవిడ మాటే సరైన ప్రయోగం. అది కూడా కాకపోతే, కంప్రెసర్ మూడు కొనల మధ్య జతజతకూ ఒకటి చొప్పున మూడు కొలతలు చూడాల్సింది. విడిపోయింది రక్షణ మీటే అయితే రెండు జతలు తెగినట్టు చూపినా మూడోది మామూలుగానే పలుకుతుంది. నా పుస్తకంలో ఒక్కటే ఉంది, అది కూడా విన్నది. మీటర్ తాను చూపినదాన్ని గుర్తుంచుకోదు. పాత కెపాసిటర్‌ను ఎప్పుడో పారేసి ఉంటాడు. మిగిలిన ఒకే ఒక్క సాక్షి ఆయన.

ఈ ఏప్రిల్‌లో జాలీలు నేనే కడిగాను. తేడా చూసి కాగితం మీద రాసుకున్నాను. పక్కన పెట్టి పోల్చుకోవడానికి రెండో కాగితం లేదు. అందుకని ఆ అంకెను యంత్రం మీదికి ఇంకా ఎక్కించలేదు.